జర్మనీలో మాస్టర్స్‌కి వెళ్లాలంటే ముందు ఏపీఎస్ సంగతి చూడండి

అక్టోబర్‌లో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కి వెళ్లాలనుకుంటే కనీసం ఏడాది ముందే పని మొదలుపెట్టండి. అందరూ ఐఈఎల్‌టీఎస్ గురించి టెన్షన్ పడతారు గానీ, చాలామంది ఇరుక్కునేది ఏపీఎస్ సర్టిఫికెట్ దగ్గర. మన డిగ్రీ, మార్కుల మెమోలు అసలైనవేనని చెప్పే కాగితం ఇది, 2022 నవంబర్ నుంచి స్టూడెంట్ వీసాకి తప్పనిసరి చేశారు. అందుకే టెన్త్ మెమో నుంచి పాస్‌పోర్ట్ దాకా పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే కదా.

తర్వాత డబ్బు. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే డబ్బు వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అక్కడికెళ్లాక నెలకు 992 చొప్పున మీకే వస్తాయి, అంటే ఇది ఫీజు కాదు, మీ తిండికీ అద్దెకీ. ఇంట్లోవాళ్లకి ఈ ముక్క ముందే అర్థమయ్యేలా చెప్పండి.

"జర్మనీలో చదువు ఫ్రీ" అనే మాట సగమే నిజం. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్లు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి.

అడ్మిషన్ లెటర్ రాగానే వీసా కోసం ఆగకుండా స్టూడెంట్ హాస్టల్‌కి అప్లై చేసేయండి, మ్యూనిక్ లాంటి ఊళ్లలో గది దొరకడం సీటు కన్నా కష్టం.