పేర్లు సరిగ్గా పలకడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఉన్న ధ్వనికే చోటు మార్చడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? తెలిసిన పది మంది పేర్లు తీసుకుని, వాళ్లు తమ పేరును ఎలా చెప్పుకుంటారో విని, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఇవాళ దానితోనే పని.

రెండు మూడు పేర్ల దగ్గర మీ కలం ఆగిపోయే ఉంటుంది. "ఈ ధ్వని మనకు లేదు" అనుకుని దగ్గరగా ఉన్న అక్షరమేదో రాసేసి ఉంటారు. తొందరపడకండి. మనకు లేవనుకున్న ధ్వనుల్లో చాలా వాటిని మనం రోజూ పలుకుతూనే ఉన్నాం. కాకపోతే పదంలో ఒక్క చోటే పలకడం అలవాటు. చోటు మారేసరికి నోరు తడబడుతుంది. ఇవాళ మూడు ధ్వనులకు చోటు మార్చడం నేర్చుకుందాం. ఎక్కువ సేపు మొదటిదానితోనే ఉంటాం.

ఙ

వర్ణమాలలో చదివి మర్చిపోయిన అక్షరం ఇది. దీంతో మొదలయ్యే మాట తెలుగులో మనకెక్కడా తగలదు. వియత్నాంలో మాత్రం అన్నిటికంటే ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు దీంతోనే మొదలవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్, జి పక్కపక్కన కనిపించేసరికి దాన్ని "నగుయెన్" అని చదివేస్తాం. అసలు పలుకు "ఙ్వియెన్"కి దగ్గరగా, అంతా ఒక్క అక్షరంలా, ఒకే ఊపున వస్తుంది.

ఇప్పుడు "గంగ" అనండి. ఇంకోసారి, బాగా సాగదీసి: గం... గ. ఆ సున్నా దగ్గర ఆగి నోట్లో ఏం జరుగుతోందో చూడండి. పెదాలు తెరిచే ఉన్నాయి. నాలుక కొన పళ్లను తాకడం లేదు. నాలుక వెనక భాగం లేచి అంగిటి వెనక మెత్తటి చోటును అంటుకుని ఉంది, గాలి ముక్కులోంచి వస్తోంది. నమ్మకం కుదరకపోతే ముక్కు మూసి చూడండి, ధ్వని ఠక్కున ఆగిపోతుంది. అదే ఙ. పెదాలు మూసుకుంటే మీరు పలికింది మ్, నాలుక కొన పైకి తగిలితే న్. రెండూ కావు మనకు కావలసినవి.

అక్కడే ఆగి, చివరి "గ"ను పలకకుండా నేరుగా "ఆ"లోకి జారండి: గఙ్...ఆ. పదిసార్లు. తర్వాత ముందున్న "గ"ను మనసులోనే అనుకుని పైకి "ఙా" ఒక్కటే అనండి. మొదట్లో "నా" వచ్చేస్తుంది, కంగారు పడకండి. మళ్లీ "గంగ" దగ్గరికి వెళ్లి అక్కణ్నుంచి రండి. రెండు మూడు రోజుల్లో నాలుక దారి పట్టుకుంటుంది. అప్పుడు "ఙ్వియెన్" ప్రయత్నించండి. వియత్నామీస్‌లో గొంతు ఎత్తు దించులు కూడా పేరులో భాగమే. వాటి గురించి విడిగా చెప్తాను. ఇంకో మాట, అక్కడ మనిషిని పిలిచేది ఇంటిపేరుతో కాదు, చివర వచ్చే సొంత పేరుతో.

దీని మీద ఇంతసేపు ఎందుకు నిలబడ్డానో చెప్తాను. నాతో పనిచేసిన ఒకావిడ పేరు ఈ ధ్వనితోనే మొదలవుతుంది. ఒక్క అక్షరం పేరు. నేను దాన్ని రెండు ముక్కలు చేసి రెండేళ్లు పిలిచాను. ఆవిడ ఒక్కసారి కూడా దిద్దలేదు. ఉద్యోగం మానేసి వెళ్లే రోజు ఎవరితోనో ఫోన్లో తన పేరు చెప్పుకుంటుంటే మొదటిసారి చెవిపెట్టి విన్నాను. ఆ పేరు నేను అప్పటిదాకా ఎప్పుడూ పిలవనే లేదని అర్థమైంది. చాలా బాధేసింది. ఈ పాఠాలు అక్కడే మొదలయ్యాయి.

ౘ

"చిన్న" అనండి, "చాలా" అనండి. రెండూ రాసేది చ తోనే. కానీ "చాలా"లో చాలామందికి నాలుక పళ్ల వెనక్కి వచ్చి త్, స్ కలిసినట్టు పలుకుతుంది. పాత పుస్తకాల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి ౘ అని రాసేది దీన్నే. ఇంట్లో వింటూ పెరిగిన వాళ్లకు ఇది ఊరికే వస్తుంది. పుస్తకంలో చూసి "చిన్న"లో చ లాగే పలకడం అలవాటైన వాళ్లు మాత్రం పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు గమనించండి. జర్మన్ పేర్లలో జెడ్ అక్షరం కనబడితే వాడాల్సింది ఇదే. సంగీతకారుడు మోట్సార్ట్ పేరును "మొజార్ట్" అంటుంటాం. "చాలా"లోని ధ్వని తెచ్చి అక్కడ పెట్టండి: మోౘార్ట్. కుదిరింది కదా!

శ

చైనా పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్‌యిన్ పద్ధతికి అక్కడి ప్రభుత్వం 1958లో ఆమోదం తెలిపింది. అందులో ఎక్స్ అంటే "క్స" కాదు, "జ" కాదు. మన శ కి బాగా దగ్గర. షీ జిన్‌పింగ్ అని మన పత్రికలు రాస్తాయి గానీ నాలుక మడిచే ష అక్కడ సరిపోదు. నాలుక కొనను కింది పళ్ల దగ్గర ఉంచి, పెదాలు కాస్త సాగదీసి "శీ" అనండి. శ, ష, స మూడింటినీ ఒకటే చేసి పలికే అలవాటుంటే ముందు "శివ"తో మొదలుపెట్టాలి.

నిజంగానే మనకు లేని ధ్వనులూ ఉన్నాయి. జైనబ్ పేరులో మొదటిది మనలో చాలామందికి అలాంటిది. "స్స్స్" అని సాగదీస్తూ గొంతు మీద వేళ్లు పెట్టి, గొంతులో కంపనం మొదలయ్యేలా చేయండి, నాలుక కదలకూడదు. అదే ఆ ధ్వని.

మరి ఎదుటివాళ్లు మన త ను ట అంటే? వాళ్లకు శ్రద్ధ లేదని కోపం తెచ్చుకోకండి. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పసిపిల్లలకు హిందీలోని త, ట లాంటి ధ్వనులు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పసిగట్టారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి చాలామందిలో ఆ శక్తి తగ్గిపోయింది. అంటే ఆ తేడా వాళ్ల చెవికి సరిగ్గా అందడం లేదు. మనకు "ఙా", "నా" ఒకేలా వినిపించినట్టే. అందుకే ప్రతి పాఠంలోనూ పలకడం కంటే వినడం ముందు పెడుతున్నాను.

అడగడం

సాధన ఎంత చేసినా చివరి మాట పేరు గలవాళ్లదే. కమలా హారిస్‌నే తీసుకోండి. సంస్కృత పదం కాబట్టి మనం "కమల" అంటాం. ఆవిడ తన పేరును "కామా" అనే విరామచిహ్నంతో పోల్చి, దాని పక్కన "లా" పెట్టి పలకమని 2019లో రాసుకున్నారు. ఆ పదం మన దగ్గరిదే అయినా పేరు ఆవిడది. ఆవిడ చెప్పినట్టే పలకాలి.

అడిగేటప్పుడు "మీ పేరు కష్టంగా ఉందండీ" అనొద్దు. కష్టం మన నోటిది, వాళ్ల పేరుది కాదు. "మీ పేరు సరిగ్గా పలకాలని ఉందండీ, ఒకసారి నిదానంగా చెప్తారా?" అంటే చాలు. విన్న వెంటనే పైకి అనండి. ఆ తర్వాత వాళ్లు "పర్లేదు, బాగానే ఉంది" అన్నారనుకోండి, సరిగ్గా పలికామని కాదు, చాలాసార్లు దిద్ది దిద్ది విసిగిపోయి అనే మాట అది. అందరి ముందూ అక్కడే పట్టుబట్టి పదిసార్లు అనకండి, వాళ్లకే ఇబ్బంది. ఇంటికొచ్చి సాధన చేసి, ఇంకో రోజు ఇద్దరే ఉన్నప్పుడు మళ్లీ అడగండి.

ఈ వారం పని

రోజూ ఐదు నిమిషాలు "గంగ" నుంచి "ఙా"కు. మీ పది పేర్లలో కలం ఆగిన చోట ఏ తెలుగు మాటలోని ధ్వని పనికొస్తుందో వెతికి పక్కన ఆ మాట రాయండి. ఏ మాటా దొరకని పేరు కింద గీత పెట్టండి, వాటిని ఆరో పాఠంలో చూద్దాం. వచ్చే పాఠంలో మన పేరును ఇతరులకు నేర్పడం. దానికి మీ పేరులో ఎక్కువ మంది తప్పు పలికే అక్షరం ఏదో గుర్తించి రండి.