ఏటీవీ ఎక్కే ముందు

సెలవులకు విశాఖ తీరంలోనో, కొండల వైపో ఏటీవీ (ఇసుకలో, ఎగుడుదిగుడు నేలలో నడిచే లావు టైర్ల నాలుగు చక్రాల బండి) నడపాలనుకునేవారు ఇవి చూసుకోండి.

ఒక్కరి బండి మీద ఇద్దరు ఎక్కవద్దు. ఏటీవీ నడిపేవారు ఒంటిని అటూ ఇటూ వంచుతూ తూకం నిలుపుకోవాలి. వెనుక మరొకరుంటే అది కుదరదు; వందల కిలోల బండి తిరగబడి మీదే పడుతుంది. పిల్లలను ముందు కూర్చోబెట్టుకోవడం ఇంకా ప్రమాదం. ఎవరు బతిమాలినా ఒప్పుకోకండి.

పదహారేళ్లలోపు వారికి పెద్దల బండి ఇవ్వవద్దు. దాన్ని అదుపు చేసే బరువు, బలం వారికి చాలవు.

చున్నీ తీసేయండి, కొంగు బిగించి దోపుకోండి. వేలాడే గుడ్డ వెనుక ఇరుసుకు చుట్టుకుంటే మెడకే ముప్పు.

టైర్లలో గాలి కొలిపించండి. చాలా ఏటీవీలకు 3 నుంచి 7 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. సరైన అంకె బండి మీదే రాసి ఉంటుంది. బైకు టైరులా గట్టిగా ఉంటే ప్రతి గుంతకూ ఎగిరిపడుతుంది.

బండి ఒరిగినా కాలు నేలకు ఆనించవద్దు. వెనుక చక్రం పాదం మీదికి ఎక్కేస్తుంది.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల జోలికి అసలు పోవద్దు. అది భూవారసత్వ స్థలం, అంటే అరుదైన నేల రూపంగా గుర్తించి కాపాడుతున్న చోటు. చక్రం గీసిన గాడిలో వాననీరు పారి, దిబ్బ కోసుకుపోతుంది.