పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్ మార్చబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సొంత సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లకు మేజర్ అప్‌గ్రేడ్, అంటే 13 నుంచి 14 లాంటి పెద్ద వెర్షన్ మార్పు, ఎప్పటికైనా తప్పదు. ఒక్కో మేజర్ వెర్షన్‌కు సపోర్ట్ 5 ఏళ్లే. 13వ వెర్షన్‌కు 2025 నవంబర్‌తో అయిపోయింది, 14వ దానికి 2026 నవంబర్ వరకే. గడువు నెత్తి మీదికొచ్చాక ఒక్క రాత్రిలో హడావుడిగా కానిచ్చే పని కాదు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి.

మైనర్ అప్‌డేట్‌లో (అదే వెర్షన్‌లో చిన్న సవరణలు) డేటా ఫైళ్లు అలాగే ఉంటాయి, రీస్టార్ట్ చేస్తే చాలు. మేజర్ మారితే పాత ఫోల్డర్ మీద కొత్త పోస్ట్‌గ్రెస్ అసలు లేవదు. డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను రెడీమేడ్ ఇమేజ్‌గా నడిపే టూల్) వెర్షన్ చెప్పే ట్యాగ్‌గా లేటెస్ట్ అని పెట్టుకున్నవాళ్లకు ఈ దెబ్బ చెప్పకుండా తగులుతుంది. కొత్త ఇమేజ్ దిగుతుంది, డేటాబేస్ తెరుచుకోదు. అప్పుడు కంగారుపడి వాల్యూమ్ (డేటా దాచే చోటు) తీసేయకండి. డేటా ఎక్కడికీ పోలేదు, పాత వెర్షన్ నంబర్ పెడితే మళ్లీ లేస్తుంది. ట్యాగ్‌లో మేజర్ నంబర్ రాసి పెట్టుకోవడం ఈరోజే చేయాల్సిన పని. 18 నుంచి అధికారిక ఇమేజ్‌లో డేటా ఉండే చోటు కూడా మారింది, కంపోజ్ ఫైల్‌లో (డాకర్ సెట్టింగ్స్ ఫైల్) పాత మౌంట్, అంటే డేటా ఫోల్డర్ దారి, అలాగే వదిలేయొద్దు.

ఇక అసలు సంగతి బ్యాకప్. బ్యాకప్ ఉందన్న నమ్మకంతో అప్‌గ్రేడ్‌కు దిగకండి, దాన్ని వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి కళ్లారా చూశాకే దిగండి. 2017 జనవరి 31న కోడ్ హోస్టింగ్ కంపెనీ గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో వాళ్లే బహిరంగంగా రాశారు. రెప్లికేషన్ (డేటాను రెండో సర్వర్‌కు కాపీ చేసే ఏర్పాటు) సరిచేస్తున్న ఇంజినీర్ సెకండరీ సర్వర్ అనుకుని ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో, డేటా డైరెక్టరీ తుడిచేశారు. రోజువారీ డంప్ (డేటాబేస్‌ను ఫైల్‌గా తీసే బ్యాకప్) కోసం వెతికితే అది లేదు. సర్వర్ 9.6 అయితే, డంప్ తీసేది 9.2 టూల్. పాత టూల్ కొత్త సర్వర్‌ను డంప్ చేయదు కాబట్టి ఆ జాబ్ ఫెయిలవుతూనే ఉంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిల్స్ కూడా రిజెక్ట్ అయిపోయాయి. వేరే పని కోసం సుమారు 6 గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డిస్క్ కాపీ) ఒక్కటే దక్కింది. ఆ తర్వాతి డేటా పోయింది.

రీస్టోర్ రిహార్సల్‌లో మీ యాప్‌ను ఆ కాపీకి కలిపి నడపండి, ముఖ్యమైన టేబుళ్లలో రో కౌంట్ పోల్చండి, మొత్తానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. యూజర్లకు చెప్పాల్సిన డౌన్‌టైమ్ అంచనా అక్కడి నుంచే వస్తుంది. డంప్ తీసే టూల్ పీజీ డంప్ ఒక్క డేటాబేస్‌నే తీస్తుంది, యూజర్లూ రోల్సూ అందులో రావు. వాటికి పీజీ డంప్ఆల్ గ్లోబల్స్ ఆప్షన్ వాడాలి. డంప్ తీసేది ఎప్పుడూ కొత్త వెర్షన్ టూల్‌తోనే.

డేటాబేస్ చిన్నదైతే డంప్ తీసి రీస్టోర్ చేసే పద్ధతే నా ఓటు. నెమ్మదే కానీ పాతది చెక్కుచెదరదు. పెద్దదైతే పీజీ అప్‌గ్రేడ్ (ఉన్న డేటా ఫైళ్లనే కొత్త వెర్షన్‌కు తెచ్చే టూల్) తప్పదు, ముందు దాన్ని చెక్ ఆప్షన్‌తో నడిపి చూడండి. పోస్ట్‌జిఐఎస్, పీజీవెక్టర్ లాంటి ఎక్స్‌టెన్షన్లు (అదనపు ఫీచర్లు) కొత్త వెర్షన్‌కు ఇన్‌స్టాల్ అయి ఉన్నాయా, రెండు వైపులా చెక్‌సమ్ (డేటా పాడైతే పట్టే తనిఖీ) సెట్టింగ్ ఒకటేనా అన్నది అక్కడే బయటపడుతుంది. 18లో చెక్‌సమ్స్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటాయి, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పీజీ అప్‌గ్రేడ్‌లో లింక్ మోడ్ (ఫైళ్లను కాపీ చేయకుండా పాతవాటినే వాడేది) వేగమైనదే, కానీ కొత్త సర్వర్ ఒకసారి స్టార్ట్ అయ్యాక పాతదాన్ని నమ్మి నడపలేం.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను అదే రోజు మార్చకండి. లినక్స్‌లోని మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28తో అక్షర క్రమం నియమాలు మారి, పాత టెక్స్ట్ ఇండెక్సులు (వేగంగా వెతకడానికి వాడే సూచికలు) తప్పు ఫలితాలు ఇచ్చిన సందర్భాలున్నాయి. అలా మార్చినప్పుడు రీఇండెక్స్ (ఇండెక్సులను మళ్లీ కట్టడం) తప్పనిసరి.

అప్‌గ్రేడ్ రోజు ఒక్కరే కూర్చోవద్దు. ఒకరు కమాండ్ టైప్ చేస్తే, ఎంటర్ నొక్కే ముందు ఇంకొకరు సర్వర్ పేరుతో సహా చదవాలి. కనెక్షన్ తెగినా పని ఆగకుండా టీమక్స్ అనే టెర్మినల్ టూల్‌లో నడపండి. యాప్‌తో పాటు క్రాన్ జాబ్స్ (టైమ్ ప్రకారం వాటంతట అవే నడిచే పనులు), బ్యాక్‌గ్రౌండ్ వర్కర్లు కూడా ఆగాయో లేదో చూడండి, ఎక్కువగా మర్చిపోయేది వీటినే. వెనక్కి వెళ్లాలా వద్దా అని చెప్పే మనిషి ఎవరో, ఎన్ని గంటలలోపు చెప్పాలో ముందే ఖాయం చేసుకోండి. కొత్త డేటాబేస్‌లోకి యూజర్లు డేటా రాయడం మొదలయ్యాక వెనక్కి వెళ్తే ఆ డేటా పోతుంది. అందుకే తలుపులు తెరిచే ముందే చెకింగ్ అంతా అయిపోవాలి.

అప్‌గ్రేడ్ అవగానే అనలైజ్ కమాండ్ నడపండి, అది డేటా గురించిన లెక్కలు (స్టాటిస్టిక్స్) సేకరిస్తుంది. స్టాటిస్టిక్స్ లేకపోతే నిన్నటిదాకా చురుగ్గా ఉన్న క్వెరీలు నత్తనడక నడుస్తాయి, తప్పేమో కొత్త వెర్షన్ మీద పడుతుంది. 18 నుంచి పీజీ అప్‌గ్రేడ్ చాలావరకు వాటిని తెచ్చిపెడుతుంది, అయినా ఒకసారి నడిపితే నష్టం లేదు.

పాత డేటా డైరెక్టరీని కనీసం ఒక వారం ఉంచండి. దాని ఆటోస్టార్ట్ మాత్రం ఆపేయండి, లేకపోతే రీబూట్ తర్వాత పాతదే ముందు లేచి పోర్ట్ పట్టుకుంటుంది.