సుద్దముక్క, దూది, టూత్‌పిక్: వెన్నుపాము దారులు నేర్చుకునే పద్ధతి

హన్మకొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నయీంనగర్ వైపు రూముల్లో ఉండే ఫిజియో, నర్సింగ్ పిల్లలు కొందరు సాయంత్రాలు మా ఇంటికొస్తారు. వాళ్లు తెచ్చే సందేహాల్లో ఎక్కువ భాగం వెన్నుపాము గురించే. "అక్కా, ట్రాక్టుల (నాడుల దారుల) పేర్లన్నీ వస్తయి గానీ, కేసు ఇస్తే ఏ కాలు పోతదో చెప్పరాదు" అంటారు. పేర్లతో మొదలుపెట్టడం వల్లే ఈ తిప్పలని నా అభిప్రాయం. పేర్లు కాసేపు పక్కన పెట్టి, ఒక్కో దారి గురించి రెండే ప్రశ్నలు వేసుకోండి. కబురు ఎక్కడ చేతులు మారుతుంది? ఎక్కడ ఆవలి పక్కకు దాటుతుంది? ఈ రెండూ తెలిస్తే మిగతాదంతా లెక్క కట్టి చెప్పొచ్చు, బట్టీ పట్టక్కర్లేదు.

దీనికి సుద్దముక్క, ఖాళీ నేల, నలుగురు మనుషులు కావాలి. పెద్దవాళ్లలో వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. దాన్ని పదింతలు చేసి నాలుగున్నర మీటర్ల పొడవున రెండు గీతలు గీయండి. మధ్యలో ఇద్దరు పక్కపక్కన నిలబడేంత వెడల్పు ఉండాలి. నిలువునా ఒక నడిగీత గీస్తే కుడి, ఎడమ తేలిపోతాయి. పై చివర, మెదడు అడుగున వెన్నుపాముకు ఆనుకుని ఉండే మెడుల్లాకు ఒక డబ్బా, దాని పైన మెదడు లోపల కబుర్లు అందుకునే థాలమస్‌కు చెరొక సున్నా, అన్నిటికంటే పైన మెదడు పైపొర అంటే కార్టెక్స్‌కు చెరొక వంపు గీత. కుడి, ఎడమ అని పెద్ద అక్షరాలతో రాయండి. అది రాయకుండా మొదలుపెట్టిన ప్రతి బ్యాచ్ పది నిమిషాల్లో కొట్లాటకు దిగుతుంది.

పాము పొడవునా కొన్ని అడ్డగీతలు వేసి, వాటిని శరీరం మీది గుర్తులతో జత చేయండి. సి అంటే మెడ భాగం, టి ఛాతీ భాగం, ఎల్ నడుము భాగం, ఎస్ అంటే సేక్రల్, నడుముకు కింది భాగం. సి6 చేతి బొటనవేలు, టి4 చనుమొనల వరస, టి10 బొడ్డు, ఎల్4 చీలమండ లోపలి పక్క, ఎస్1 మడమ బయటి పక్క. మొత్తం 31 జతల నాడులున్నా ఆటకు ఈ ఐదు చాలు. ఎల్, ఎస్ గుర్తులను మాత్రం కింది చివర ఇరికించి రాయాలి, ఎందుకంటే వెన్నుపాము నడుము కింది దాకా పోదు. పెద్దవాళ్లలో ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి వేళ్లాడేవి నాడుల పోగులు మాత్రమే. కాబట్టి ఎక్స్‌రేలో కనిపించే పూస నంబరు వేరు, ఆ పూస లోపలున్న వెన్నుపాము భాగం నంబరు వేరు. తాటిచెట్టు మీంచి జారి పిరుదుల మీద పడ్డవాళ్లకు తరచుగా టి12, ఎల్1 పూసలు చితుకుతాయి. రిపోర్టులో 'ఎల్1' అని చూసి "పైది బాగానే ఉంది, మూత్రానికి ఇబ్బంది ఉండదు" అనుకుంటే తప్పు. మూత్రాన్ని, మలాన్ని అదుపులో పెట్టే సేక్రల్ భాగాలు సరిగ్గా అక్కడే ఉంటాయి.

ఇప్పుడు మనుషుల్ని దించండి. మొదటి దారి దూది పట్టుకున్నవాళ్లది. మెత్తటి స్పర్శ, కంపనం, కీలు ఏ వంపులో ఉందన్న తెలివి ఈ దారిన పోతాయి. కుడికాలి నుంచి వచ్చే మొదటి మనిషి పాములోకి అడుగుపెట్టి ఎక్కడా ఆగకూడదు, పక్క మారకూడదు. కుడివైపే, వీపు వైపున, నడిగీతకు ఆనుకుని మెడుల్లా దాకా నడవాలి. చేతి నుంచి వచ్చినవాళ్లు కాలివాళ్లకు బయటి పక్కన నడుస్తారు. మెడుల్లాలో దూది రెండో మనిషి చేతికి మారుతుంది. వాళ్లు అక్కడే నడిగీత దాటి ఎడమ థాలమస్‌కు పోతారు, మూడో మనిషి దాన్ని ఎడమ కార్టెక్స్‌కు చేరుస్తాడు. ఈ మొదటి మనిషి అంటే ఒకే ఒక్క నాడీకణం. కాలి బొటనవేలి నుంచి మెడుల్లా దాకా మీటరున్నర పొడవున అది ఒక్కటే సాగుతుంది. నడుస్తుంటే ఆ దూరమెంతో పిల్లలకు కాళ్లకే తెలుస్తుంది. పుస్తకంలో ఉండే 'డార్సల్ కాలమ్' అన్న పేరు ఇప్పుడు చెప్పండి, పోదు.

రెండోది టూత్‌పిక్ దారి. నొప్పి, వేడి, చల్లదనం దీని సరుకు. కుడికాలి నుంచి వచ్చే మొదటి మనిషి లోపలికి రాగానే ఆగిపోతాడు. టూత్‌పిక్ రెండో మనిషికి ఇస్తాడు. ఆ రెండో మనిషి అక్కడికక్కడే, మహా అయితే ఒకటి రెండు మెట్లు (వెన్నుపాము భాగాలు) పైకెక్కేలోపు, నడిగీత దాటి ఎడమ పక్కకు పోతాడు. ఆ తర్వాత ఎడమ పక్కనే థాలమస్ దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కుతాడు. పైన మూడో మనిషి అందుకుంటాడు. ఇది స్పైనోథలామిక్.

మూడోది పైనుంచి కిందికి దిగే ఆజ్ఞ, కార్టికోస్పైనల్. దీనికి ఇద్దరే కావాలి. ఎడమ కార్టెక్స్ నుంచి బయల్దేరిన మనిషి మెడుల్లా అడుగుభాగంలో కుడికి దాటుతాడు. ఈ నాడీపోగుల్లో 85 నుంచి 90 శాతం అక్కడే దాటుతాయి, ఆటలో అందర్నీ దాటించేయండి. కుడి పక్కనే దిగి, కావలసిన అడ్డగీత దగ్గర ఆగి రెండో మనిషికి ఆజ్ఞ అప్పజెబుతాడు. రెండో మనిషి పాము బయటికి నడిచి కండరాన్ని తాకుతాడు. చిన్నమెదడుకు పోయే దారులు కూడా ఉన్నాయి గానీ మంచం దగ్గర పరీక్షలో వాటిని విడిగా పట్టుకోవడం కష్టం. మొదటి వారం వాటి జోలికి పోకండి.

మూడు దారులూ తప్పుల్లేకుండా నడిచాక అసలు పని. పాము కుడి సగం మీద, టి10 గీత దగ్గర, అడ్డంగా ఒక చెప్పు పెట్టండి. చెప్పు తగిలినవాళ్లంతా ఆగిపోవాలి. కుడికాలి నుంచి వస్తున్న దూది ఆగింది. కుడికాలికి దిగుతున్న ఆజ్ఞ ఆగింది. కుడికాలి టూత్‌పిక్ మాత్రం కిందే ఎడమకు దాటేసింది కాబట్టి దర్జాగా పైకి పోయింది. ఆగింది ఎడమకాలి టూత్‌పిక్, ఎందుకంటే అది దాటి కుడివైపు వచ్చి ఉంది. ఫలితం: కుడికాలు కదలదు, కుడి బొటనవేలు పైకుందో కిందికుందో తెలియదు, కానీ గుచ్చితే చురుక్కుమంటుంది. ఎడమకాలు బాగా కదులుతుంది, గుచ్చితే తెలియదు. నొప్పి తెలియని భాగం బొడ్డు దగ్గర కాకుండా ఒకటి రెండు మెట్లు కింద మొదలవుతుంది. బ్రౌన్-సెకార్ అనే వైద్యుడు 19వ శతాబ్దం నడుమ వివరించిన లక్షణాలు ఇవే. ఇప్పుడదే చెప్పు తీసి ఎడమ మెదడులో, మెడుల్లాకు పైన పెట్టండి. పైకి వచ్చేవాళ్లంతా అప్పటికే దాటేశారు, దిగే ఆజ్ఞ ఇంకా కింద కుడికి దాటాల్సి ఉంది కాబట్టి కుడి పక్కే అన్నీ పోతాయి. మామూలు పక్షవాతానికీ సగం వెన్నుపాము దెబ్బకూ తేడా చెప్పమంటే నోరు తెరవని పిల్లలు కూడా ఇక్కడ పోటీపడి చెబుతారు.

వర్ధన్నపేట వైపు ఒక గీత కార్మికుడిని చూసేదాన్ని. పుస్తకంలో ఉన్నంత కచ్చితంగా కాకపోయినా ఇదే వరస. ఇంట్లోవాళ్లు కదలని కుడికాలికి నూనె పెట్టి, దిండు వేసి, కంటికి రెప్పలా చూసుకునేవాళ్లు. స్నానం చేస్తుంటే వేణ్నీళ్లకు కాలింది మాత్రం 'మంచి' ఎడమకాలు. కదిలే కాలికి వేడి తెలియదని వాళ్లకెవరూ చెప్పలేదు. అందుకే నేను టూత్‌పిక్ పరీక్ష అయ్యాక ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టి, ఏ కాలు కదలదో, ఏ కాలికి వేడి తెలియదో విడివిడిగా చూపిస్తాను. నీళ్ల వేడి చూసేది వేరేవాళ్ల మోచేత్తో. అరికాళ్లు, వేళ్ల సందులు రోజూ రాత్రి చూడాలి, రెండు కాళ్లకూ.

ఇక మంచం దగ్గర. ముందు మనిషి కళ్లు తెరిచి ఉండగానే బుగ్గ మీద దూది, టూత్‌పిక్ తాకించి, ఇది ఇలా ఉంటుందని చూపించాలి. తర్వాత కళ్లు మూయించాలి. "తెలుస్తుందా?" అని అడగొద్దు. మర్యాద కోసమో భయంతోనో అందరూ "తెలుస్తుంది" అనే అంటారు. టూత్‌పిక్ మొన, మొద్దు చివర మార్చి మార్చి తాకిస్తూ "గుచ్చినట్టున్నదా, ఒత్తినట్టున్నదా?" అనండి. మధ్యమధ్యలో అసలు తాకకుండా కూడా అడగండి, జవాబు ఎంత నమ్మొచ్చో తేలుతుంది. తెలియని చోటు నుంచి తెలిసే చోటుకు, కింది నుంచి పైకి రండి. దూదిని లాగకుండా తాకించి తీయాలి. చెట్లెక్కేవాళ్ల పాదాలు, చెప్పుల్లేకుండా చేలల్లో తిరిగినవాళ్ల పాదాలు కాయలు కాసి ఉంటాయి. అక్కడ గుచ్చి తెలియలేదని రాసుకుంటే అది చర్మం సంగతే గానీ వెన్నుపాము సంగతి కాదు. పాదం పైభాగంలో చూడండి. ఒకరికి వాడిన టూత్‌పిక్ ఇంకొకరికి వాడకండి. ఇంజెక్షన్ సూది అసలు వద్దు.

దూది ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మొరటు స్పర్శ కొంత టూత్‌పిక్ దారిలోనూ పోతుంది కాబట్టి ఒక దారి తెగినా దూది తెలిసినట్టే ఉంటుంది. డార్సల్ కాలమ్‌ను పట్టుకోవాలంటే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి కాలి బొటనవేలి ఎముక మీద పెట్టండి. తర్వాత వేలిని పైనా కిందా కాకుండా రెండు పక్కల పట్టుకుని కొద్దిగా కదిలించి, పైకా కిందికా అని అడగండి. పైనా కిందా పట్టుకుంటే మీ వేళ్ల ఒత్తిడే జవాబు చెప్పేస్తుంది. కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే తూలుతున్నామనే పెద్దవాళ్లకు ఈ పరీక్ష తప్పకుండా చేయండి. బి12 లోపం ముందుగా దెబ్బతీసే దారుల్లో ఇదొకటి, అది మందుకు లొంగే జబ్బు.

కండబలాన్ని సున్నా నుంచి 5 దాకా మార్కులతో రాస్తాం. ఏ కదలిక ఏ వెన్నుపాము భాగం సంగతి చెబుతుందంటే: మోచేయి మడవడం సి5, మణికట్టు పైకెత్తడం సి6, మోచేయి చాచడం సి7, తొడ ఎత్తడం ఎల్2, మోకాలు చాచడం ఎల్3, పాదం పైకెత్తడం ఎల్4, కాలి బొటనవేలు పైకెత్తడం ఎల్5, మునివేళ్ల మీద లేవడం ఎస్1.

బలం లేదని తేలాక, ఆజ్ఞ దారిలో ఆగింది మొదటి మనిషా, రెండో మనిషా అన్నది చూడాలి. రెండో మనిషి ఆగితే కాలు వేలాడిపోతుంది, కండ కరిగిపోతుంది, మోకాలి కింద సుత్తితో కొట్టినా కదలదు. మొదటి మనిషి ఆగితే రెండో మనిషి పైవాళ్ల అదుపు లేక తన ఇష్టమొచ్చినట్టు పనిచేస్తాడు. కాలు బిగుసుకుంటుంది, సుత్తి తగలగానే ఎగిరిపడుతుంది. అరికాలి బయటి అంచున మడమ నుంచి వేళ్ల మొదలు దాకా తాళంచెవితో గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. 1896లో బాబిన్‌స్కీ అనే వైద్యుడు చెప్పిన గుర్తు ఇది. నడక రాని పసిపిల్లల్లో మాత్రం ఇది మామూలే. దెబ్బ తగిలిన కొత్తలో మరో చిక్కుంది. పైన తెగినా సరే కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు అంతా మెత్తగా, చలనం లేకుండా ఉంటుంది. దీన్ని స్పైనల్ షాక్ అంటారు. అప్పుడే తీర్పు చెప్పకండి.

ఆ షాక్ దిగాక దుప్పటి లాగినప్పుడు కాలు టక్కున ముడుచుకుంటుంది. ఇంట్లో సంబరం మొదలవుతుంది, "కాలు కదిలింది మేడం, వీడియో తీసినం" అని ఫోన్ వస్తుంది. ఆశ తుంచేయక్కర్లేదు, అబద్ధమూ చెప్పక్కర్లేదు. బొటనవేలిని కదిలించమని అడగండి, ఆపమనండి, మళ్లీ కదిలించమనండి. చెప్పినప్పుడు కదిలి, ఆపమన్నప్పుడు ఆగితే ఆజ్ఞ పైనుంచి వచ్చింది. దుప్పటికి మాత్రమే కదిలితే అది కింది మనిషి సొంత పని. మలద్వారం చుట్టూ స్పర్శ మిగిలిందా, అక్కడి కండరం బిగించగలరా అన్నది డాక్టరు గారు పరీక్షిస్తారు. గాయం పూర్తిగా తెంచిందా, కొంత మిగిల్చిందా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. ఆ పరీక్ష రిపోర్టు చూడకుండా వ్యాయామం ప్లాన్ వేయకండి.

చెట్టు కిందే ఉన్న మనిషి దగ్గర ఈ పరీక్షలేవీ చేయొద్దు. చంకల కింద చేతులేసి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టొద్దు. ఎలా పడ్డాడో అలాగే ఉంచి, తల కదలకుండా ఒకరు రెండు చేతులతో ఇరువైపులా పట్టుకోండి, ఇంకొకరు 108కి ఫోన్ చేయండి.

ఇంకొక్కటి, మీరే చేసుకోండి. చెప్పు తీసేసి మెడ భాగంలో సరిగ్గా నడిగీత మీద ఒక ప్లేటు పెట్టండి. పాము నడుమ నీటి సంచి పెరిగే సిరింగోమైలియా అనే జబ్బు ఇలాగే మొదలవుతుంది. రెండు చేతులకూ వేడి, నొప్పి తెలియవు, దూది తెలుస్తుంది, కాళ్లకు అన్నీ బాగానే ఉంటాయి. ఆ ప్లేటు ఉన్న చోట నడిగీత దాటాల్సిన పని ఎవరికుందో వాళ్లను ఒక్కొక్కరినే నడిపించి చూడండి.