గోడోలో గేమ్ చేస్తున్నారా? ఫైల్ పేర్లు చూసుకోండి

గోడోలో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) గేమ్ చేసి నలుగురికీ పంచాలనుకుంటే ఫైల్ పేర్లన్నీ మొదటి నుంచీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే (స్మాల్ లెటర్స్) పెట్టుకోండి. మాది పర్లాకిమిడి. మహేంద్రతనయలో పడవ నడిపే చిన్న గేమ్ చేశాను, నా విండోస్ ల్యాప్‌టాప్‌లో సుబ్బరంగా ఆడింది, ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎక్కించుకునే ఫైల్) చేసి బరంపురంలో ఉన్న బావమరిదికి పంపితే "బావా, నది ఉంది గానీ పడవేదీ?" అన్నాడు. తీరా చూస్తే పడవ ఫైల్ పేరులో 'పి' పెద్దది, కోడ్‌లో చిన్నది! విండోస్‌కి రెండూ ఒకటే, ఎక్స్‌పోర్ట్ చేసిన (ఇలా పంచడానికి ఏపీకేగా మార్చిన) గేమ్‌కి మాత్రం కాదు. పేరు మార్చాలంటే గోడో ఎడిటర్ లోపలే మార్చండి, సీన్లలో (గేమ్‌ని కూర్చే భాగాల్లో) అదే సరిచేసుకుంటుంది. కోడ్‌లో కొటేషన్ల మధ్య రాసినవి మాత్రం మీరే వెతికి దిద్దుకోవాలి. అన్నట్టు, ఆండ్రాయిడ్ కీస్టోర్ ఫైల్‌ని (గేమ్ మీదేనని సంతకం చేసే తాళంచెవి లాంటిది) పెన్‌డ్రైవ్‌లో కూడా దాచుకోండి, అది పోతే పాత గేమ్ మీద అప్‌డేట్ ఎక్కదు.