పిల్లలు మీకొక్కరికే చెప్పుకున్నప్పుడు

మీ స్టూడెంట్ ఒకడు వచ్చి "సార్, నేను గే" అని చెప్పాడనుకోండి, టెన్షన్ పడకుండా ముందు పూర్తిగా వినండి. స్టాఫ్ రూంలో మాత్రం అస్సలు నోరు జారొద్దు, ఎందుకంటే ఆ మాట సాయంత్రానికల్లా వాళ్లింటికి చేరిపోతుంది, అక్కడ ఏం జరుగుతుందో మన చేతుల్లో ఉండదు. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో తననే తేల్చుకోనివ్వండి.

క్లాసులో ఎవరైనా 'ఆడంగి' అని వెక్కిరిస్తే అక్కడికక్కడే ఆపండి (మనమూ ఒక్కోసారి నవ్వేస్తాం, అది ఇంకా పెద్ద తప్పు).

మార్చేస్తామనే డాక్టర్ల దగ్గరికి పంపొద్దు. ఆ కన్వర్షన్ థెరపీని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తిపరమైన తప్పుగా తేల్చింది. దిగులుగా కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ట్రాన్స్ విద్యార్థి అయితే పిలిచే పేరు, బాత్రూం సంగతి హెడ్మాస్టర్‌తో మాట్లాడండి, అదీ తనను అడిగాకే. హెడ్మాస్టర్ ఒప్పుకోకపోతే బడిలో వివక్ష కూడదన్న 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం గుర్తుచేయండి.