నెలనెలా పుస్తకాల ఛాలెంజ్‌ను నలుగురితో కలిసి నడపడం ఎలా?

జనవరి ఒకటో తారీఖున "ఈ ఏడాది 50 పుస్తకాలు" అని స్టేటస్ పెట్టినవాళ్లని ఉగాది దాటాక ఒకసారి కదిలించి చూడండి, మాట మార్చేస్తారు. లెక్క మరీ పెద్దదని కాదు. చదివాక ఆ పుస్తకం గురించి మాట్లాడటానికి పక్కన మనిషి లేకపోతే రెండో పుస్తకానికి చెయ్యి పోదు, అంతే. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో పుస్తకాల లెక్క చిన్నది, చెప్పుకోవడమే పెద్దది. తిరుపతి, చిత్తూరు వాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నా. మిగతా ఊళ్లవాళ్లు తమ ఊరి పండగలు చూసుకుని మార్చుకోవచ్చు.

ముందు మనుషులు

ఏడెనిమిది మందితో మొదలుపెట్టండి, పన్నెండు దాటనివ్వొద్దు. వాట్సాప్ గ్రూపులో వెయ్యి మందిని కూడా చేర్చవచ్చు గానీ, పెరిగేకొద్దీ చదివేవాళ్లు తగ్గి గుడ్ మార్నింగ్ పువ్వులు పంపేవాళ్లు మిగులుతారు. అందరూ ఒకే రకం కాకుండా చూసుకోండి. ఒక రిటైర్డ్ టీచరు, యూనివర్సిటీలో చదివే పిల్లోడు, ఇంట్లో పనంతా అయ్యాక రాత్రి పదింటికి పుస్తకం పట్టుకునే ఒక అక్క, ఇలా ఉంటే ఒకే పుస్తకానికి మూడు రకాల మాటలు వస్తాయి. ఇంకొకటి, గ్రూపులో సార్, మేడం పిలుపులు వద్దు. అన్నా, అక్కా చాలు. సార్ ఒకసారి "గొప్ప నవల" అనేశాక, నాకు నచ్చలేదని చెప్పే ధైర్యం మనవాళ్లలో ఎంతమందికి ఉంటుంది?

నెల టార్గెట్

నెలకు ఒక్క పుస్తకం. రోజుకు 10 పేజీలు చదివితే 30 రోజులకు 300 పేజీలు, మామూలు నవల అయిపోతుంది. తిరుపతి నుంచి చిత్తూరుకు రోజూ బస్సులో పోయొచ్చేవాళ్లకి ఒకవైపే 70 కిలోమీటర్లు, సీటు దొరికితే ఆ పది పేజీలు చంద్రగిరి దాటేలోపు అయిపోతాయి. ఎక్కువ చదివేవాళ్లు చదువుకోనివ్వండి, కానీ వాళ్లకి మార్కులు, ర్యాంకులు వద్దు. ర్యాంకు పెట్టిన మరుక్షణం జనం సన్న పుస్తకాలు వెతుక్కుంటారు.

ప్రతి నెలకూ ఒక అంశం పెట్టుకోవాలి, దాన్ని ఊరి క్యాలెండరును బట్టి పెట్టుకుంటేనే నడుస్తుంది. మే నెలలో తిరుపతి గంగజాతర, ఊరంతా వేషాలు, వేపాకులు, అంబళ్లు. ఆ నెల జాతరలు, గ్రామదేవతలు, పల్లె బతుకులున్న కథలు పెట్టండి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆ నెలకి మన చిత్తూరు మాటలో వచ్చిన కథలు. వాటిని గట్టిగా చదివి వాయిస్ మెసేజ్ పెట్టమనండి, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లకి కళ్లతో చదివినప్పుడు అందని నవ్వు చెవితో వింటే అందుతుంది. బ్రహ్మోత్సవాల నెలలో ఎవరికీ తీరిక ఉండదు, సగం ఇళ్లలో చుట్టాలు దిగి ఉంటారు, కాబట్టి నవల జోలికి పోకుండా ఒక్క కథ చాలు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు గనుక ఆ నెల లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకమే చదవాలని రూలు పెట్టండి. ఒక నెల అనువాదాలకు వదలండి. మనది అటు తమిళనాడుకు, ఇటు కర్ణాటకకు ఆనుకుని ఉన్న ప్రాంతం, గ్రూపులో తమిళమో కన్నడమో చదవగలిగిన మనిషి ఎలాగూ ఒకరు ఉంటారు, వాళ్లని మూలం చదివి రమ్మనండి. మిగిలిన నెలలకి వాట్సాప్‌లో పోల్ పెడితే సరిపోతుంది.

పుస్తకాలు ఎక్కడ తేవాలి

అందరూ కొనాల్సిన పని లేదు. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కట్టిన డబ్బుకి మెంబర్‌షిప్ తీసుకోకపోవడం మన తప్పే. పాత కావ్యాలు, కీర్తనలు కావాలంటే టీటీడీ పుస్తకాల స్టాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి.

పీడీఎఫ్‌ల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆ గడువు దాటిన పాత పుస్తకాలు హాయిగా పంచుకోండి. బతికున్న రచయిత పుస్తకాన్ని మొబైల్‌తో పేజీపేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాళ్లుంటారు, అడ్మిన్ వెంటనే డిలీట్ చేయాలి.

పుస్తకాలు చేతులు మారేటప్పుడు ఒక చిన్న నోటుబుక్కులో ఎవరి పుస్తకం, ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో రాసుకోండి. స్నేహం చెడేది అప్పు డబ్బు దగ్గర కంటే అప్పు పుస్తకం దగ్గరే ఎక్కువ అని నా అనుమానం.

అభిప్రాయం చెప్పడం

ఛాలెంజ్ నిలబడేదీ, పడిపోయేదీ ఇక్కడే. "చాలా బాగుంది", "తప్పక చదవాలి", రెండు చేతులు జోడించిన బొమ్మ, ఇవి అభిప్రాయాలు కావు. వీటికి ఎవరూ బదులు ఇవ్వలేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి నవల "అతడు అడవిని జయించాడు". చిన్న పుస్తకం, తప్పిపోయిన పంది కోసం ముసలాయన అడవిలోకి పోవడం, కథంతా ఒక్క రాత్రి. దీని మీద "అద్భుతమైన నవల, అడవి వర్ణన సూపర్" అని రాస్తే అక్కడితో సరి. అదే "సగం దాకా నేను ముసలాయన పక్షమే, ఆ తర్వాత పంది పక్షం చేరిపోయాను, మీలో ఎవరికైనా ఇట్లా అయిందా?" అని రాసి చూడండి, పది నిమిషాల్లో ఇద్దరు వాదనకు దిగుతారు. రెండో మాటలో పొగడ్త లేదు, విమర్శ కూడా లేదు, చదువుతూ ఉండగా ఆ మనిషికి లోపల ఏం జరిగిందో ఉంది. మనకు కావాల్సింది అదే.

కొత్తవాళ్లకి రాయడం టెన్షన్‌గా ఉంటే ఈ నాలుగు ప్రశ్నలు ఇవ్వండి, ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాలు:

- ఏ పేజీ దగ్గర ఆగి మళ్లీ చదివారు, ఎందుకు?
- ఎవరి మీద కోపం వచ్చింది?
- ఎక్కడ విసుగొచ్చింది?
- ఇది ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు?

మూడో ప్రశ్నను ఎవరూ దాటేయకూడదు. పేరున్న రచయిత అనగానే విసుగును దాచుకునే అలవాటు మనకు బాగా ఉంది. పుస్తకం మధ్యలో వదిలేసినా ఛాలెంజ్‌లో లెక్కే, ఏ పేజీలో వదిలేశారో, ఏం చూసి వదిలేశారో చెబితే చాలు. నిజానికి గ్రూపులో మంచి చర్చలు పూర్తిచేసినవాళ్ల కంటే వదిలేసినవాళ్ల వల్లే పుడతాయి.

కథ ముగింపు ముందే చెప్పేయడం పెద్ద తలనొప్పి. ప్రతి నెలా 25వ తారీఖు దాకా ముగింపు గురించి నోరెత్తకూడదని ఒప్పందం పెట్టుకోండి. రాయడం చేతకానివాళ్లు వాయిస్ మెసేజ్ పెట్టవచ్చు, కానీ రెండు నిమిషాలు దాటితే వినేవాళ్లుండరు.

నెలకోసారి ఎదురుబదురుగా

ఫోన్‌లో ఎంత రాసుకున్నా నెలాఖరు ఆదివారం గంటన్నర కూర్చోవాలి. తిరుపతిలో అయితే ప్రకాశం పార్కు, లేదంటే యూనివర్సిటీ వైపు చెట్ల కింద. ఎండాకాలం సాయంత్రం ఐదు తర్వాత. అలిపిరి దారిలో మాత్రం పెట్టుకోకండి, సెలవు రోజున ఆ ట్రాఫిక్‌లో వచ్చేవాళ్లు వచ్చేసరికి చర్చ అయిపోతుంది. గరుడసేవ రోజు పడితే ఆ వారం మీటింగే వద్దు. తక్కువ మాట్లాడేవాళ్లతో మొదలుపెట్టించండి, పెద్దాయన చివర్లో మాట్లాడతారు. అట్లా చేస్తే పెద్దాయన కూడా వింటాడు.

గ్రూపులో రచయితలు ఉంటే జాగ్రత్త, తిరుపతిలో అది తప్పదు, వీధికొకరు ఉంటారు. వాళ్ల పుస్తకం పెట్టిన నెల ఆదివారం దాకా వాళ్లు నోరు మెదపకూడదని ముందే చెప్పేయండి, ఒప్పుకోకపోతే ఆ పుస్తకం వద్దు. కులం, మతం, పార్టీ కథలోనే ఉంటే వాటి మీద మాట్లాడాల్సిందే. కథను వదిలి ఎదుటి మనిషి కులం దాకా మాట పోయిందంటే అడ్మిన్ ఆ రోజుకు గ్రూపుకు తాళం వేయాలి.

మూడో నెలకు సగం మంది జారుకుంటారు, కంగారు పడొద్దు. వాళ్లని తీసేయకండి, వెంటపడి అడగకండి కూడా. ఒక నెల నవల మానేసి పది పేజీల కథ ఒకటి పెట్టండి, జారుకున్నవాళ్లలో ఒకరిద్దరు తామే నోరు విప్పుతారు. వచ్చే నెల పుస్తకం పేరు మాత్రం మీటింగ్ అయిన సాయంత్రమే గ్రూపులో పడిపోవాలి, పేరుతో పాటు ఎన్ని కాపీలు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా రాయండి. సోమవారం పెడదాంలే అనుకుంటే ఆ నెలలో వారం పోయినట్టే.